ఇంటర్ పాసైన బిడ్డకు ఏ నెలలో, ఏ పద్దు నుంచి?

మన సొసైటీ విద్యా పద్దుకు చందా ఇచ్చే పెద్దలు ఏటా అడిగే ప్రశ్న ఒకటుంది: "కాలేజీ ఫీజులు ప్రభుత్వమే కడుతోంది కదా, మరి మా డబ్బు దేనికి ఖర్చవుతోంది?" ఇది న్యాయమైన ప్రశ్న. జకాత్ ఇచ్చే మనిషికి తన సొమ్ము ఎక్కడికి చేరిందో తెలుసుకునే హక్కుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉన్నమాట నిజమే. కానీ ఆ సాయం అందాలంటే బిడ్డ కొన్ని గుమ్మాలు దాటాలి. ఒక్కో గుమ్మం దగ్గర ఐదు వందలో, ఐదు వేలో, ఒక కాగితమో అడ్డుపడుతుంది. అక్కడ ఆగిపోయిన బిడ్డకు లక్షల విలువైన ప్రభుత్వ సాయం ఉండీ లేనట్టే. మన డబ్బుకు పని ఆ గుమ్మాల దగ్గర ఉంది. ఆ పని ఏ నెలలో ఉంది, ఏ పద్దులోంచి జరగాలి అన్నది ఈ వ్యాసంలో వివరిస్తాను. మనది ఆంధ్రప్రదేశ్ కాబట్టి ఇక్కడి పద్ధతే ఎక్కువగా చెబుతాను. హైదరాబాదు వైపు బంధువులున్నవారి కోసం అక్కడి తేడాలు కూడా అక్కడక్కడా వస్తాయి.

పరిస్థితి ఎంత తీవ్రంగా ఉందో తెలియడానికి ఒక లెక్క చాలు. కేంద్ర ప్రభుత్వం జరిపే ఉన్నత విద్యా సర్వే ప్రకారం దేశం మొత్తం మీద కాలేజీల్లో చదివే ముస్లిం విద్యార్థులు 2019-20లో సుమారు 21 లక్షల మంది. 2020-21లో ఆ సంఖ్య 19.21 లక్షలకు పడిపోయింది. కరోనా ఏడాది కష్టం అందరికీ వచ్చింది, కానీ అదే ఏడాది ఎస్సీ, ఎస్టీ, బీసీ విద్యార్థుల సంఖ్య పెరిగింది. దేశ జనాభాలో 14 శాతం ఉన్న మనవాళ్లు కాలేజీ పిల్లల్లో ఐదు శాతం కూడా లేరు. ఇంటర్ దాకా వచ్చిన పిల్లలు ఆ తరువాత జారిపోతున్నారన్నమాట. కొడుకైతే మెకానిక్ షెడ్డుకో, గల్ఫ్ వీసాకో వెళ్తున్నాడు. కూతురైతే ఇంట్లో ఆగిపోతోంది.

సీటు వేరు, ఫీజు వేరు

తల్లిదండ్రుల్లో ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. బీసీ-ఈ సర్టిఫికెట్ ఉంటే ఫీజు మాఫీ అని కొందరు, మేము సయ్యద్‌లం కాబట్టి మాకు ఏదీ రాదని కొందరు అనుకుంటారు. రెండూ తప్పే. సీటులో రిజర్వేషన్ పుట్టిన వర్గాన్ని బట్టి ఉంటుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఇంటి ఆదాయాన్ని బట్టి ఉంటుంది.

బీసీ-ఈ కథ క్లుప్తంగా చెప్పుకుందాం. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ముస్లిములందరికీ 5 శాతం రిజర్వేషన్ ప్రకటించింది. హైకోర్టు దాన్ని కొట్టేసింది. 2005లో తెచ్చిన చట్టం కూడా నిలవలేదు. ఆ తరువాత విశ్రాంత ఐఏఎస్ అధికారి పి.ఎస్. కృష్ణన్ నివేదిక ఆధారంగా, మతం పేరుతో కాకుండా వెనుకబాటుతనం పేరుతో, 2007లో 4 శాతం చట్టం వచ్చింది. అత్తరు సాయిబులు, ధోబీ ముస్లిములు, ఫకీర్లు, హజాంలు, లబ్బీలు, ఖురేషీలు, షేక్‌లు, సిద్దీలు, తురక కాశలు మొదలైన వర్గాలు అందులో ఉన్నాయి. సయ్యద్, ముషాయిఖ్, మొఘల్, పఠాన్, ఇరానీ, అరబ్, బోహ్రా, ఖోజా, కచ్చీ మేమన్, నవాయత్ వంటి వర్గాలు అందులో లేవు. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు ఆ చట్టాన్నీ కొట్టేసింది. అదే ఏడాది మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు మీదే ఈ సీట్లు ఈనాటికీ నడుస్తున్నాయి. ఇక దూదేకుల, లద్దాఫ్, పింజారీ, నూర్‌బాష్ సోదరులు బీసీ-ఈ కంటే చాలా ముందునుంచీ బీసీ-బీలో ఉన్నారు. వారు పొరపాటున బీసీ-ఈ కింద దరఖాస్తు చేసుకుంటే సర్టిఫికెట్ల పరిశీలన రోజున ఇబ్బంది పడతారు.

సయ్యద్, పఠాన్, మొఘల్ కుటుంబాల పిల్లలు చేతులు ముడుచుకోనక్కరలేదు. 2019లో వచ్చిన 103వ రాజ్యాంగ సవరణతో ఏర్పడిన ఈడబ్ల్యూఎస్ కోటా వారికీ వర్తిస్తుంది. కుటుంబ వార్షికాదాయం 8 లక్షల లోపు ఉండాలి. ఆ సర్టిఫికెట్ ఒక్క ఆర్థిక సంవత్సరానికే చెల్లుతుంది. నిరుటిది పట్టుకెళ్తే పనికిరాదు కాబట్టి ఏప్రిల్ దాటాక కొత్తది తీసుకోవాలి.

ఇంకో మెలిక కూడా ఉంది. రాష్ట్ర బీసీ జాబితా వేరు, కేంద్ర ఓబీసీ జాబితా వేరు. ఐఐటీ, ఎన్‌ఐటీ, నీట్ ఆలిండియా కోటా వంటి చోట్ల కేంద్ర జాబితాయే లెక్క. రాష్ట్రంలో బీసీ-ఈ అయినంత మాత్రాన అక్కడ ఓబీసీ అయిపోరు. తమ వర్గం పేరు కేంద్ర జాబితాలో లేకపోతే, ఆదాయం, ఆస్తుల షరతులు సరిపోయిన పక్షంలో, ఆ దరఖాస్తుల్లో ఈడబ్ల్యూఎస్ గడి నింపవచ్చు. జేఈఈ దరఖాస్తు ఇంటర్ రెండో ఏడాది శీతాకాలంలోనే నింపాలి కాబట్టి ఈ సంగతి అప్పటికే తెలిసి ఉండాలి.

ఇక ఫీజు విషయం. 2008లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన రీయింబర్స్‌మెంట్ పథకం పేర్లు మార్చుకుంటూ నేటికీ ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో కుటుంబ ఆదాయం రెండున్నర లక్షల లోపు ఉన్న మైనారిటీ విద్యార్థి ఎవరైనా, షేక్ అయినా సయ్యద్ అయినా, అర్హులే. తెలంగాణలో మైనారిటీలకు ఆదాయ పరిమితి పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో రెండు లక్షలు. అక్కడ ఇంజనీరింగ్‌లో 10 వేల లోపు ర్యాంకు వస్తే పూర్తి ఫీజు ఇస్తారు, ఆ పైన ర్యాంకులకు సాధారణంగా 35 వేల వరకే ఇస్తారు. మిగతాది ఇంటివాళ్లు కట్టుకోవాలి. ఆంధ్రాలో మధ్యలో కొన్నేళ్లు ఈ సొమ్ము తల్లి ఖాతాలో వేశారు. ఇప్పుడు మళ్లీ కాలేజీ ఖాతాకే పంపే పద్ధతి వచ్చింది. ఇంటర్ దాకా తల్లికి వందనం కింద వచ్చిన డబ్బు ఇంటర్‌తో ఆగిపోతుంది. ఆ సంగతి తెలియక, అదే ఖాతాలో మళ్లీ పడుతుందని చాలామంది తల్లులు ఎదురుచూస్తుంటారు.

ఏ సీటుకు డబ్బు వస్తుంది

ఇంజనీరింగ్, ఫార్మసీ కాలేజీల్లో నూటికి 70 సీట్లు కన్వీనర్ కోటా, 30 మేనేజ్‌మెంట్ కోటా. రీయింబర్స్‌మెంట్ కన్వీనర్ కోటాకే. మేనేజ్‌మెంట్ సీటుకు రాదు. కౌన్సెలింగ్ అయిపోయాక మిగిలిన సీట్లను కాలేజీలో నేరుగా నింపే స్పాట్ అడ్మిషన్‌కూ రాదు. ఈ రెండు వాక్యాలు ప్రతి ఇంట్లో తెలిసి ఉంటే మన సొసైటీకి వచ్చే ఫీజు దరఖాస్తులు చాలా వరకు తగ్గేవి.

స్పాట్‌లో చేరిన పిల్లలందరూ ర్యాంకు లేనివాళ్లేమీ కాదు. ఎక్కువ భాగం వెబ్ ఆప్షన్ల దగ్గర దెబ్బతిన్నవాళ్లు. ర్యాంకు 60 వేలు వచ్చిన పిల్ల ఊళ్లో పేరున్న ఐదారు కాలేజీలు, అన్నింటిలోనూ కంప్యూటర్ సైన్స్ ఒక్కటే పెట్టి ఊరుకుంటుంది. ఎక్కడా సీటు రాదు. నలభై, యాభై ఆప్షన్లు పెడితే తప్పు కాదు, రుసుము కూడా పెరగదు. పైన తనకు ఇష్టమైనవి, కింద నిరుడు తన ర్యాంకుకు సీటు వచ్చినవి పెట్టుకుంటే కన్వీనర్ సీటు చేజారదు. బాలికలకు ప్రతి వర్గంలోనూ మూడో వంతు సీట్లు ఉన్నాయి కాబట్టి అమ్మాయిల కటాఫ్ వేరుగా చూడాలి. నిరుటి కటాఫ్ ర్యాంకుల పట్టిక అధికారిక వెబ్‌సైటులోనే ఉంటుంది. ఆ పట్టిక చూసి ఆప్షన్లు రాసిపెట్టే కుర్రవాడు ఒకడు మస్జిద్ పక్క గదిలో వారం రోజులు కూర్చుంటే చేసే మేలు, ఒక దాత ఇచ్చే పాతికవేల కంటే ఎక్కువ. ఈ పనికి ఇంజనీరింగ్ మూడో ఏడాది, నాలుగో ఏడాది చదువుతున్న మన పిల్లలే సరైనవాళ్లు.

ఇక్కడే ఒక మాట ఖచ్చితంగా చెప్పాలి. మేనేజ్‌మెంట్ కోటాలో కంప్యూటర్ సైన్స్ సీటు కోసం తల్లి గాజులు అమ్మి, రెండో ఏడాది ఫీజుకు మన దగ్గరకు వచ్చే కుటుంబాలున్నాయి. అదే పిల్లవాడికి కన్వీనర్ కోటాలో ఎలక్ట్రానిక్స్‌లోనో, మెకానికల్‌లోనో సీటు వచ్చి ఉండేది. మరి వదులుకున్నారు. విద్యా పద్దు నుంచి మేనేజ్‌మెంట్ కోటా ఫీజు కట్టకూడదన్నది నా అభిప్రాయం. తండ్రి మధ్యలో చనిపోవడం, మంచాన పడడం వంటి ఆపదల్లో తప్ప. ఒక్క మేనేజ్‌మెంట్ సీటు ఒక్క ఏడాది ఫీజుతో పది మంది కన్వీనర్ కోటా పిల్లలను గట్టెక్కించవచ్చు.

అందరూ ఇంజనీరింగ్‌కే వెళ్లాలని కూడా లేదు. ఎంపీసీ చదివినవారూ బీఫార్మసీలో చేరవచ్చు. నర్సింగ్, ఆనర్స్ డిగ్రీ, ఐదేళ్ల లా, హైదరాబాదులో 1998 నుంచి ఉన్న మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం, కర్నూలులోని డాక్టర్ అబ్దుల్ హక్ ఉర్దూ విశ్వవిద్యాలయం, ఇవన్నీ దారులే. ఉర్దూ మీడియంలో ఇంటర్ చదివిన అమ్మాయిలకు చివరి రెండూ ప్రత్యేకంగా చెప్పాలి.

పేర్లతోనే సగం తంటా

దరఖాస్తులు తిరిగి రావడానికి మనవాళ్ల విషయంలో మార్కుల కంటే పెద్ద కారణం పేరు. పదో తరగతి మెమోలో "షేక్", ఆధార్‌లో "ఎస్.కె.", బ్యాంకులో "షెయిక్". ఒకచోట ఇంటిపేరు ముందు, ఇంకోచోట వెనుక. ఒకచోట "ఎండీ", ఇంకోచోట "మొహమ్మద్", మూడోచోట "మహ్మద్". అమ్మాయి పేరు చివర "బేగం", "సుల్తానా", "బీ" ఒక కాగితంలో ఉంటుంది, ఇంకో కాగితంలో మాయమవుతుంది. తల్లి పేరు రేషన్ కార్డులో ఒకటి, మెమోలో ఒకటి. మనిషికి చూడగానే ఇద్దరూ ఒకరేనని తెలుస్తుంది. కంప్యూటరుకు తెలియదు.

వీటన్నింటికీ పదో తరగతి మెమోయే ప్రమాణం. మిగతా కాగితాలను దానికి తగ్గట్టు దిద్దుకోవాలి. ఆధార్ సవరణకు రోజులు పడతాయి, కౌన్సెలింగ్ మొదలయ్యాక పరుగెత్తితే అందదు. స్కాలర్‌షిప్ సొమ్ము పడేది ఆధార్‌తో అనుసంధానమైన ఖాతాలోనే. రెండు మూడు ఖాతాలున్నవారికి ఏ ఖాతా అనుసంధానమై ఉందో బ్యాంకులో అడిగి చూసుకోవడం అవసరం. ఎన్‌పీసీఐ మ్యాపింగ్ అని అడిగితే బ్యాంకువాళ్లకు అర్థమవుతుంది.

కులధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం సచివాలయంలో దరఖాస్తు చేస్తే తహసీల్దారు కార్యాలయం నుంచి వస్తాయి. ఆదాయ పత్రం ఆ ఏడాదిది కావాలి. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు కావాలి, అవి స్థానికతను నిరూపిస్తాయి. ఇక్కడ మన సమాజానికే ఉన్న ఒక చిక్కు వస్తుంది. హిఫ్జ్ కోసం రెండేళ్లు, మూడేళ్లు బడి మానేసి మదరసాలో ఉన్న పిల్లలకు ఆ ఏళ్ల స్టడీ సర్టిఫికెట్ ఉండదు. ఖాళీ ఉన్న ఏళ్లకు తహసీల్దారు నుంచి నివాస ధ్రువపత్రం తీసుకుని పెట్టుకోవాలి. ఆ ఏళ్లు వేరే రాష్ట్రంలోని మదరసాలో గడిపి ఉంటే స్థానికత ప్రశ్న ఇంకా జటిలమవుతుంది. హాఫిజ్ అయిన బిడ్డ ఇంటర్ కూడా పాసై నిలబడితే ఊరంతా గర్వపడాలి. ఆ బిడ్డ ఒక్క కాగితం లేక నాన్‌లోకల్ అయిపోవడం చూస్తే బాధ కలుగుతుంది. మదరసాల నాజిమ్‌లు ఈ విషయం పిల్లవాడిని చేర్చుకునే రోజునే తండ్రికి చెబితే బాగుంటుంది.

ఈ పనులన్నింటికీ తగిన కాలం నవంబరు నుంచి జనవరి. అప్పటికి ప్రాక్టికల్స్ రావు, తహసీల్దారు కార్యాలయంలో రద్దీ ఉండదు. పెద్ద ఖర్చూ ఉండదు. తోడు వెళ్లే మనిషి ఉంటే చాలు. రోజు కూలి మానుకుని మూడుసార్లు సచివాలయానికి తిరగలేని తండ్రి కోసం ఆ మనిషి మన సొసైటీ నుంచి వెళ్లాలి.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా

ఫలితాలు వచ్చి, ఈఏపీసెట్ ర్యాంకు చేతికి వచ్చాక పని వేగం పెరుగుతుంది. బీసీ వర్గాలకు గ్రూపు సబ్జెక్టులలో 40 శాతం, మిగతావారికి 45 శాతం మార్కులు ఉంటేనే ఇంజనీరింగ్‌కు అర్హత. ఆంధ్రాలో ర్యాంకుకు ఇంటర్ మార్కులు 25 శాతం కలుస్తాయి, తెలంగాణలో ఆ పద్ధతి తీసేశారు. కౌన్సెలింగ్ రుసుము బీసీ, ఓసీలకు 1,200 రూపాయలు. తరువాత సర్టిఫికెట్ల పరిశీలన, ఆప్షన్లు, సీటు కేటాయింపు, ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్, కాలేజీకి వెళ్లి చేరడం. గడువులు మూడు నాలుగు రోజులకు మించి ఉండవు. సీటు వచ్చాక గడువులోగా రిపోర్టు చేయకపోతే సీటు పోతుంది.

చేరే రోజున కాలేజీవాళ్లు అడిగేవి ట్యూషన్ ఫీజులో లేనివి. బస్సు, హాస్టల్ అడ్వాన్సు, యూనిఫారం, రికార్డు పుస్తకాలు, యూనివర్సిటీ రిజిస్ట్రేషన్, ల్యాబ్, "ఇతర ఫీజులు" అన్నీ కలిపి ఒక్కసారిగా పది, ఇరవై వేలు అవుతాయి. రోజుకు ఆరేడు వందలు తెచ్చే ఇంట్లో ఆ మొత్తం మూడు రోజుల్లో పుట్టదు. దాతల సొమ్ము అసలు అవసరం పడేది ఈ వారంలోనే. ఇక్కడ ఇచ్చిన 10 వేలు ఏటా 40 వేల నుంచి లక్ష దాకా ఉండే ట్యూషన్ ఫీజును నాలుగేళ్ల పాటు ప్రభుత్వం చేత కట్టిస్తుంది. డిసెంబరులో ఇచ్చిన 50 వేలు కూడా ఆ పని చేయలేవు. అప్పటికి సీటు పోయి ఉంటుంది.

రెండో ఇబ్బంది ఆలస్యం. ప్రభుత్వ సొమ్ము ఏడాదికి నాలుగు విడతలని చెప్పినా సమయానికి రావడం అరుదు. రెండు రాష్ట్రాల్లోనూ బకాయిలు పేరుకున్నాయి. 2025 నవంబరులో తెలంగాణలో ప్రైవేటు కాలేజీలు బకాయిల కోసం బంద్ చేశాయి. ఈ తగాదా ప్రభుత్వానికీ కాలేజీకీ మధ్య. నలిగేది మాత్రం విద్యార్థి. "ముందు మీరు కట్టండి, ప్రభుత్వం ఇచ్చాక తిరిగి ఇస్తాం" అంటారు. హాల్‌టికెట్ ఆపుతామంటారు. చదువు పూర్తయ్యాక టీసీ, మెమోలు ఇవ్వరు. అసలు సర్టిఫికెట్లు కాలేజీలు అట్టిపెట్టుకోకూడదని 2018లోనే యూజీసీ ఆదేశించింది. ఆ సంగతి రాతపూర్వకంగా గుర్తు చేస్తే కొన్ని కాలేజీలు దిగివస్తాయి. మన సొసైటీ లెటర్‌హెడ్ మీద వెళ్లే ఉత్తరానికి తండ్రి బతిమాలడం కంటే బరువుంటుంది. అన్ని కాలేజీలూ దిగిరావు. ఉద్యోగంలో చేరే తేదీ దగ్గరపడిన పిల్లవాడికి వాదన కంటే డబ్బు ముందు కావాలి.

ఇది దానంతో కాక ఖర్జె హసనాతో తీర్చవలసిన అవసరం. బకాయి వచ్చినప్పుడు కాలేజీ తిరిగి ఇచ్చేది, ఉద్యోగం వచ్చాక పిల్లవాడు తీర్చేది కాబట్టి, ఆ సొమ్ము తిరిగి పద్దుకు చేరుతుంది, మరుసటి ఏడాది ఇంకొకరికి వెళ్తుంది. కట్టేటప్పుడు "రీయింబర్స్‌మెంట్ వచ్చిన పిమ్మట వాపసు" అని కాలేజీ రసీదు మీద రాయించుకోవాలి. నోటిమాట మీద ఇచ్చిన డబ్బు తిరిగి రాదు. విద్యార్థి వైపు నుంచి ఒక జాగ్రత్త ఉంది: హాజరు 75 శాతం తగ్గితే ప్రభుత్వం ఆ విడత ఇవ్వదు. అందుకని మన పద్దు నుంచి రెండో ఏడాది సాయం కోరే ప్రతివారి దగ్గరా హాజరు వివరం అడగడం న్యాయమే.

బ్యాంకు విద్యా రుణాల సంగతి చాలామంది అడుగుతారు. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకంలో ఎంపికైన విద్యాసంస్థల్లో సీటు వచ్చినవారికి హామీ, తనఖా లేకుండా రుణం ఇస్తారు. చదువుకునే కాలంలో తక్కువ ఆదాయ కుటుంబాలకు వడ్డీలో రాయితీ ఉంది. ఆ తరువాత వడ్డీ పడుతుంది. వడ్డీ హరామ్ అన్న భయంతో మంచి సంస్థలో వచ్చిన సీటును వదులుకునే పిల్లలు మనలో ఉన్నారు. వారికి ఉపన్యాసం ఇవ్వడం తేలిక. వడ్డీ లేని అప్పు ఇచ్చే పద్దు ఒకటి చూపించడమే సరైన జవాబు.

జకాత్ ఫిబ్రవరిలో, అవసరం జూలైలో

మన రాబడిలో పెద్ద భాగం రమజాన్‌లో వస్తుంది. ఈ కొన్నేళ్లుగా రమజాన్ ఫిబ్రవరి, మార్చి నెలల్లో పడుతోంది, సరిగ్గా ఇంటర్ పరీక్షల సమయంలో. ఈదుల్ ఫిత్ర్ నాటికి రేషన్ కిట్లకు, బట్టలకు సొమ్ము చాలావరకు అయిపోతుంది. జూలైలో సీటు వచ్చిన పిల్ల తలుపు తట్టేసరికి పద్దు ఖాళీ. చాంద్రమానం ఏటా పది, పదకొండు రోజులు వెనక్కి జరుగుతుంది కాబట్టి రాబోయే ఏళ్లలో రమజాన్ జనవరికి, డిసెంబరుకు వెళ్తుంది. 2030లో జనవరిలో ఒకటి, డిసెంబరు చివర మరొకటి మొదలవుతాయి. ఈ ఎడం ఇంకా పెరుగుతుంది.

దీనికి షరీఅత్‌లోనే వెసులుబాటు ఉంది. నిసాబ్ (87.48 గ్రాముల బంగారం లేదా 612.36 గ్రాముల వెండి విలువ) కలిగినవారు సంవత్సరం పూర్తికాకముందే జకాత్ ముందుగా చెల్లించవచ్చని హనఫీ, షాఫిఈ, హంబలీ ఫుఖహా అభిప్రాయం. అంటే రమజాన్‌లో లెక్క చూసుకునే దాత వచ్చే ఏటి జకాత్‌లో కొంత భాగాన్ని ఈ జూలైలోనే ఇచ్చి, రమజాన్‌లో ఆ మేరకు తగ్గించుకోవచ్చు. పుణ్యం కోసం రమజాన్ దాకా ఆగుదామనుకునే మనసు మంచిదే. కానీ కాలేజీ గడువు ఆగదు. ఈ విషయం మీ ముఫ్తీ సాహెబ్‌ను అడిగి నిర్ధారించుకోండి.

జకాత్ ఎవరికి చేరాలో ఖుర్ఆన్ తౌబా సూరాలో ఎనిమిది వర్గాలు పేర్కొంది. ఇంటర్ పాసైన బిడ్డ బాలిగ్ కాబట్టి తండ్రి ఆస్తితో సంబంధం లేకుండా తన సొంత స్థితి చూస్తారు. హనఫీ పద్ధతిలో జకాత్ సొమ్మును తీసుకునేవారికి సొంతం చేయాలి. నేరుగా కాలేజీకి కట్టేటప్పుడు విద్యార్థి నుంచి వకాలత్ రాయించుకోవడం అందుకే. ఆ సొమ్మును అప్పుగా తిప్పడం కుదరదు. ఆప్షన్లు పెట్టే గది అద్దెకు, కంప్యూటరుకు, తిరిగే మనిషి చార్జీలకు వాడడమూ కుదరదు. ఫిత్రా ఈద్ నమాజుకు ముందే పేదవాడి చేతికి చేరాలి కాబట్టి దాన్ని జూలై కోసం దాచే ప్రశ్నే లేదు.

అన్నిటికంటే ఇరుకున పడేది పేద సయ్యద్ కుటుంబాల పిల్లలు. ప్రవక్త (స) వంశం గౌరవార్థం వారికి జకాత్ చెల్లదు. బీసీ-ఈ జాబితాలోనూ వారు లేరు. మన ఊళ్లలో ఆటో తోలే సయ్యద్ సాహెబులు, టైలరింగ్ చేసి పిల్లలను చదివించుకునే సయ్యదానీలు ఎంతోమంది. వారు అడగడానికి కూడా సిగ్గుపడతారు. వారి పిల్లలకు ఇవ్వగలిగింది లిల్లాహ్ పద్దు, అంటే జకాత్ కాని స్వచ్ఛంద దానం, లేదా ఖర్జె హసనా. ఏ సొసైటీలో చూసినా లిల్లాహ్ పద్దు చిన్నదిగానే ఉంటుంది. సంపన్నులైన దాతలు జకాత్ లెక్క తీరాక ఆగిపోతారు గనుక.

కేంద్రం నుంచి మైనారిటీలకు వచ్చేవి కూడా తగ్గిపోయాయి. విదేశీ చదువుల రుణాలపై వడ్డీ రాయితీ ఇచ్చే పఢో పర్‌దేశ్, పరిశోధకులకిచ్చే మౌలానా ఆజాద్ ఫెలోషిప్ 2022-23 నుంచి ఆగిపోయాయి. అందరితో పాటు మనకూ ఉన్నవి మిగిలాయి. ఇంటర్ బోర్డులో పై 20 పర్సంటైల్‌లో ఉండి, ఆదాయం నాలుగున్నర లక్షల లోపు ఉంటే కేంద్ర ప్రభుత్వ కాలేజీ స్కాలర్‌షిప్ డిగ్రీలో ఏటా 12 వేలు. అందులో సగం అమ్మాయిలకే. సాంకేతిక కోర్సులో మొదటి ఏడాది చేరిన అమ్మాయికి ఏఐసీటీఈ ప్రగతి కింద ఏటా 50 వేలు, ఆదాయ పరిమితి 8 లక్షలు, ఇంటికి ఇద్దరు అమ్మాయిల దాకా. రెండింటికీ జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లోనే దరఖాస్తు. ఎంపిక మార్కులను బట్టి ఉంటుంది కాబట్టి వేసిన ప్రతివారికీ రాదు. కానీ వేయనివారికి అసలు రాదు, మన అమ్మాయిలలో వేసేవారు తక్కువ.

ఈ సంవత్సరం నుంచి మన రసీదు పుస్తకంలో నాలుగు గళ్లు అచ్చు వేయించాం: జకాత్, లిల్లాహ్, ఖర్జె హసనా, ఫిత్రా. మొదటి మూడింటి పక్కన "విద్య, జూలై" అని ఒక చిన్న చతురస్రం ఉంటుంది. అందులో దాత టిక్కు పెట్టిన సొమ్ము రేషన్ కిట్లకు వెళ్లదు. ఇచ్చేటప్పుడు గుమాస్తా అడగకపోతే మీరే అడిగి ఆ గడి చూపించమనండి.